తెల్లపూల గదిలో పన్నెండూ ముప్పై అయిదు

శనివారం పొద్దున తొమ్మిదీ ముప్పై అయిదుకి పికప్ ఉమ్ సలాల్ తోట గేటు ముందు ఆగింది. పోలీసు జీపు పన్నెండింటికి వస్తుంది. మధ్యన మిగిలింది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఆలోపు తోటమాలి హన్మాండ్లు ఖూనీ చేయలేదని తేల్చకపోతే వాణ్ణి జీపెక్కిస్తారు. అరబ్బీ ముక్క రాని మనిషి, వెనక ఎవరూ లేని మనిషి, తెల్లదొరను చంపాడన్న మాట నెత్తిన పడ్డ మనిషి మళ్ళీ కరీంనగర్ జిల్లా మొహం చూస్తాడని నమ్మేంత అమాయకుడు కాడు రఫీయుద్దీన్.

హైదరాబాదు సి.ఐ.డి.లో పదకొండేళ్ళు పనిచేసి, పై అధికారితో చెడి, డెబ్భై నాలుగులో దోహా చేరాడతను. ఆ రెండేళ్ళలో చమురు ధర ఎక్కిన ఎత్తుకు ఊరంతా సిమెంటూ ఇనుమూ అయిపోయింది. కంపెనీలు ఎన్ని పెరిగాయో వాటి తగాదాలూ అన్ని పెరిగాయి. వాటిని విచారించి పెట్టడమే ఇప్పుడతని వృత్తి. ఈ తోట యజమానిని పనివాళ్ళంతా అర్బాబ్ అంటారు. ఆ అర్బాబే నిన్న సాయంత్రం కబురంపాడు. పొద్దున్నే పికప్ తెచ్చింది మాత్రం గౌస్ మొహియుద్దీన్. తోటలో జెనరేటర్ ఆపరేటర్, రఫీకి సొంత చెల్లెలు జహనారా మొగుడు.

దారి పొడుగునా గౌస్ నోరు విప్పింది ఒక్కసారే, అదీ రఫీ కదిలిస్తే.

"జహనారా ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది రఫీ భాయ్. రాత్రిళ్ళు పండుకోలేకపోతుందట. తెల్లారేదాంక గోడకు ఒరిగి కూసుంటుందట."

"మందులు?"

"అన్నీ అయినయి. ఇగ తక్కువైతది. ఈసారి తప్పక తక్కువైతది."

ఉబ్బసం మనిషికి మొగుడైనవాడు ఆ మాత్రం ఆశ లేకుండా ఎలా బతుకుతాడని రఫీ అనుకున్నాడు. గౌస్ కుడిచేతి మూడు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఏమైందంటే సైలెన్సర్ కాలిందన్నాడు. జెనరేటర్‌తో కాపురం చేసేవాడికి అది మామూలే.

మెట్ల మీద సుధాకరరావు ఫైలు చంకన పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రాజమండ్రి మనిషి, మిలిటరీ పోలీసులో చేసి వచ్చాడు. ఈ తోటలో చలిగది కట్టిన కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరు. బూట్లు ఎంత మెరుస్తాయో మాట అంత గరుకు.

"రండి రఫీ గారూ. పాపం మీకు ప్రయాణమే మిగిలింది. కేసు నిన్ననే అయిపోయింది."

"అయిపోయిన కేసుకు అర్బాబ్ నన్నెందుకు పిలుస్తడు?"

"ఆయన మెత్తటి మనిషి. కూలివాడి మీద జాలి. నాకు జాలి ఉండదండీ, నాకుండేది టైము." సుధాకరరావు ఫైలు తెరిచాడు. "వినండి. గురువారం రాత్రి పదకొండున్నరకి అర్బాబ్ అతిథులు వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మీ బావగారు గౌస్, చలిగదిలో పూలు పెంచే హార్ట్లీ దొరకి టీ ఇచ్చారు. దొర బతికి ఉండగా చూసిన ఆఖరి మనిషి ఆయనే. పదకొండూ అయిదుకి అందరూ జుమ్మా నమాజుకి వెళ్ళారు. శుక్రవారం భోజనం అర్బాబ్ ఇంట్లోనే కదా, తిరిగి వచ్చేసరికి ఒంటిగంటా నలభై అయిదు. ఆ మధ్యలో తోటలో ఉన్నది ఇద్దరే ఇద్దరు. దొర ఒకడు. నమాజు లేనివాడు గనక డ్యూటీలో మిగిలిన హన్మాండ్లు ఒకడు. రెండూ పదికి చలిగదిలో శవం దొరికింది. తల పక్కన ఇటుక అంచు, ఇటుక మీద నెత్తురు. చేతిగడియారం అద్దం పగిలి ఆగిపోయింది. ఎన్నింటికంటారు?"

"మీరే చెప్పున్రి."

"పన్నెండూ ముప్పై అయిదు. ఇంకా ఏం కావాలి మీకు?"

"డాక్టరేమన్నడు?"

"చలిపెట్టె లాంటి గదిలో పడున్న శవం, ఎప్పుడు పోయాడో చెప్పలేనన్నాడు. చెప్పాల్సింది గడియారమే చెప్పింది. ఇంకోటి, వాడి చేతులు చూడండి. వేళ్ళ నిండా బొబ్బలు. పెనుగులాటలో అయినవే."

గడియారం ఎప్పుడూ అబద్ధం చెప్పదు. చూసేవాడే తొందరపడతాడు. ఆ మాట రఫీ పైకి అనలేదు, అప్పటికి అతని దగ్గర అనుమానం తప్ప మరేమీ లేదు గనక.

హన్మాండ్లును ఎరువుల కొట్టులో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళుంటాయి. జగిత్యాల దిక్కు పల్లె. రెండు చేతులూ ముందుకు పెట్టి తాడుతో కట్టేశారు. రఫీ ఎదురుగా బస్తా మీద కూర్చుని మొదట నీళ్ళు తాగించాడు, తర్వాత అడిగాడు.

"నిన్న పగలు ఏం జేసినవ్? గంటగంటకు చెప్పు."

"పొద్దుగాల ఖర్జూరం చెట్లకు నీళ్ళు పెట్టిన సాబ్. అందరు నమాజుకు పోయినంక గేటుకాడ కూసున్న. రెండు గంటలకు చలిగదిలకు పోయిన. దినాం రెండింటికి ఒక్కసారే పోత, ఆకుల తడి చూసి నీళ్ళు జల్లొస్త. నిన్న టార్చి ఏస్తె దొర బోర్లపడి ఉన్నడు. అప్పుడు లైటేసిన. పిలిస్తె పలుకలే. ఒర్లుకుంట ఉరికిన."

"పొద్దుగాల దొరను చూసినవా?"

"దొర పగలు కనబడడు సాబ్. పండుకుంటడు."

"మరి గౌస్ సాబ్ తొమ్మిదింటికి చాయ ఇచ్చిండంటున్నరు గదా?"

హన్మాండ్లు కొంచెం ఆలోచించాడు. "ఇచ్చిండేమో. నేను చూడలే."

"చేతులకు బొబ్బలేంది?"

"ఆ తెల్లపువ్వు రసం సాబ్. చెట్టు తుంచినా, ఏరు తెగినా రసం కారుతది. తోలుకు అంటితె తెల్లారేసరికి బొబ్బలు లేస్తయి. రబ్బరు గ్లౌజులు ఏసుకొమ్మని దొర ఎన్నిసార్లు చెప్పినా నాకే ఇగురం లేదు." వాడు గొంతు తగ్గించాడు. "పచ్చిది నోట్లె పెడితె పేగులు కాలుతయట. దొర వాళ్ళ దేశంల మేకలు తిని సచ్చినయట. ఎండితె, ఉడికితె విషం పోతదట. పచ్చిగున్నప్పుడే దాని దగ్గర భద్రమన్నడు."

"ఇవన్నీ సుధాకరరావు సార్‌కు చెప్పినవా?"

"సార్ ఒక్కటే అడిగిండు, ఎందుకు కొట్టినవని. కొట్టలేదన్న. ఇంకేం అడగలే."

రఫీ వాడి కట్లు విప్పాడు. గుమ్మంలో నిలబడ్డ సుధాకరరావు అభ్యంతరం చెప్పబోతే, "పారిపోతె ఎటు పోతడు? నలుదిక్కుల ఇసుకనే గదా," అని హన్మాండ్లును ముందు నడిపించుకుని చలిగది వైపు కదిలాడు. టైము పదీ పది. బయట నీడలోనే నలభై అయిదు డిగ్రీలు.

చలిగదికి ఐస్ ఫ్యాక్టరీ తలుపు లాంటి మందపు తలుపు, దానికి ఇనుప గడియ. కిటికీ ఒక్కటి లేదు. లోపల అడుగు పెట్టగానే చెమట చల్లబడి రఫీకి ఒళ్ళు జలదరించింది. చీకటి. తడిసిన ఆకుల వాసన ముక్కుకు తగిలి అతను అక్కడే ఆగిపోయాడు. రెండేళ్ళుగా దుమ్మూ డీజిలూ తప్ప మరో వాసన ఎరగని ముక్కు అది. చేయి గోడ మీద స్విచ్ కోసం వెతికింది.

"లైటెయ్యకున్రి సాబ్," అన్నాడు హన్మాండ్లు మెల్లగా, పసిపిల్లలు నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు. "వాటికిప్పుడు రాత్రి."

"ఏమన్నవ్?"

"ఈ గదిల మనకు పగలైతె వాటికి రాత్రి. పొద్దుమీకి ఆరింటికి లైట్లు వాటంతటవే వస్తయి, పొద్దుగాల ఆరింటికి బందైతయి. దొర గడియారం పెట్టిండు గోడకు. పగలు లైట్లేస్తె గది కాగుతది, చల్లమిషన్లు తట్టుకోవు. ఇంగ అర్బాబ్ చుట్టాలను తీసుకొని వచ్చేది రాత్రే గదా, అప్పుడే పూలు రెక్కలిప్పి ఇచ్చుకోవాలె. అందుకే దొర పొద్దును తిప్పి పెట్టిండు. ఆయన గూడ వాటితోనే మేలుకుంటుండె, వాటితోనే పండుకుంటుండె."

స్విచ్ వెతుకుతున్న రఫీ చేయి గోడ మీదే ఆగింది. పొద్దును తిప్పి పెట్టిన మనిషి. జూన్ నెలలో, ఇసుక నడుమ, చల్లటి దేశపు అడవిని తెచ్చి గదిలో పరిచి, దానికి వేరే సూర్యోదయం రాసిచ్చిన మనిషి. ఇంత మాట ఇక్కడి వాళ్ళలో ఒక్కరూ ఫైల్లో రాయలేదేమిటి? తెలిసినవాడికి అది చెప్పాల్సిన సంగతని తోచలేదు. తెలియనివాడు అడగలేదు.

టార్చి నేలకు ఆనించి వేశాడు. ఇటుకల అంచు కట్టిన మడి గది పొడుగునా ఉంది. కొత్తిమీర ఆకులాగా చీలికలు చీలికలుగా ఉన్న ఆకుల మధ్య నుంచి సన్నటి కాడలు లేచాయి. ఒక్కో కాడకు ఒక్కో తెల్లపువ్వు. అన్నీ రెక్కలు దగ్గరికి ముడుచుకుని తలలు వంచుకుని ఉన్నాయి. వందల పూలు ఒకే తీరుగా నిద్రపోతుంటే రఫీ టార్చి మీద చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు.

"దొర ఎక్కడ పడి ఉండె?"

హన్మాండ్లు చూపించాడు. మడి మధ్యలో మనిషి పొడుగున మొక్కలు అణిగిపోయి ఉన్నాయి. రఫీ మోకాళ్ళ మీద కూర్చుని వెలుతురు దగ్గరికి తెచ్చాడు. శరీరం బరువుకి తడిమట్టిలోకి నొక్కుకుపోయిన పూలు. వాడిపోయి గోధుమ రంగుకు తిరిగినా ఆకారం చెడలేదు. ఒక్కొక్కదానికి ఆరేసి రెక్కలు, ఆరూ చుట్టూరా విచ్చుకుని నేలకు అంటుకుని ఉన్నాయి. అతను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఇరవై ఏడు పూలు. ముడుచుకున్నది ఒక్కటి లేదు.

పక్కనే నిద్రలో ఉన్న పువ్వునొకదాన్ని బొటనవేలితో మట్టిలోకి గట్టిగా నొక్కాడు. చేయి తీస్తే అది ముడుచుకునే చితికింది. రెక్క విచ్చలేదు.

వేలు రుమాలుకు తుడుచుకుని లేస్తుంటే మడి మూల మీద కన్ను పడింది. అక్కడ మట్టి చదునుగా ఉంది. పైన ఎండుటాకులు ఎవరో చేత్తో పరిచినట్టున్నాయి.

"ఇక్కడేముండె?"

హన్మాండ్లు వంగి చూసి తెల్లబోయాడు. "ఒక దుబ్బు ఉండె సాబ్, పెద్దది. నేను తవ్వలే. దొర ఒక్క కొమ్మ గూడ తుంచనియ్యకపోతుండె."

"సరే. ఇప్పుడు లైటెయ్యి. ఇవి ఎంతసేపట్ల ఇచ్చుకుంటయో నేను చూడాలె."

"సాబ్, వాటి నిద్ర..."

"నీ పాణం కోసమే హన్మాండ్లూ. ఒక్కదినం ఓర్చుకుంటయి."

పదీ ఇరవై రెండుకి ట్యూబులైట్లు వెలిగాయి. మొదట ఏమీ జరగలేదు. రఫీ గడియారం చూసుకున్నాడు, పూలను చూశాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. పదీ ముప్పై అయిదుకి వంగిన తల ఒకటి కొంచెం లేచింది. దాని పక్కది లేచింది. కదలిక కంటికి కనపడదు. కనురెప్ప వేసి తీసేలోపు ఎక్కడో ఒక మార్పు వచ్చేస్తోంది, అంతే. పదకొండు కావస్తుండగా మడి ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లబడింది. రెక్కల వెనక లేత గులాబీ చాయ, నడుమ పసుప్పచ్చని కేసరాలు. బయట ఒంటెలు కూడా నీడకు చేరే ఎండలో, నాలుగు గోడల మధ్య, ఎవరూ చెప్పకుండా అన్నీ కలిసి పొద్దు పొడిచిందని నమ్మాయి.

రఫీయుద్దీన్ పదకొండేళ్ళ పోలీసు బతుకులో శవాలను చూశాడు, నెత్తుటి గదులను చూశాడు. ఇంత నిశ్శబ్దంగా జరిగిన పనిని చూడలేదు. సుబ్హానల్లా అని పెదవులు వాటంతటవే అన్నాయి. పక్కన హన్మాండ్లు చేతులు జోడించి నిలబడ్డాడు, కట్లు విప్పిన సంగతే మరిచినట్టు.

"దినాం చూస్తవ్ గదా, ఇంకా మొక్కుతవా?"

"దినాం మొక్కుత సాబ్. గౌస్ సాబ్ గూడ గిట్లనే నిలబడి చూస్తుండె. పొద్దుమీకి లైటింజన్ ఏసినంక వచ్చి ఈ గడపల నిలబడుతుండె. ఒకసారి దొర ఆయనకు చెప్పిండు, ఇది మీ కలోంజీకి చుట్టమే, రెంటిది ఒకటే ఇంటిపేరని. గౌస్ సాబ్ ఆనాడు అన్నం గూడ తినలే, అంత సంబురపడ్డడు."

కలోంజీ. నల్లజీలకర్ర. తమ ఇళ్ళలో దగ్గుకు అదే, కడుపునొప్పికి అదే, ఏ మందూ పనిచేయని రోగానికి చివరికి అదే. జహనారా తలగడ కింద దాని పొట్లం ఎప్పుడూ ఉంటుంది. రఫీ మూల మీది చదును మట్టిని మళ్ళీ ఒకసారి చూశాడు. చూసి చూపు తిప్పుకున్నాడు.

పదకొండూ పదికి సుధాకరరావు లోపలికి వచ్చాడు. "తోట విహారం అయిందా? యాభై నిమిషాలుంది జీపుకి."

"రావు గారూ, దొర పడినప్పుడు ఈ గదిల లైట్లు వెలుగుతున్నయి. ఎంతోసేపటి నుంచి వెలుగుతున్నయి."

"మీకెవరు చెప్పారు?"

"ఇవి." రఫీ మడి మధ్యకు చూపించి, అణిగిన పూలూ, నొక్కి చూసిన పువ్వూ, గోడకున్న టైమరూ, పదీ ఇరవై రెండు నుంచి జరిగిందంతా ఒక్కొక్కటిగా చెప్పాడు. "చీకట్ల ఇవి ముడుసుకుంటయి. ముడుసుకున్నదాని మీద మనిషి పడితె ముడుసుకునే చితుకుతది. దొర కింద నలిగినవన్నీ ఇచ్చుకున్నవే. పగలు ఈ గదిల చీకటి."

సుధాకరరావు మూర్ఖుడు కాడు. వంగి, ఆ ఇరవై ఏడు పూలనూ తన కళ్ళతో చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి మోకాలి మట్టి దులుపుకుంటూ అన్నాడు, "పువ్వుని సాక్షిగా నేనొప్పుకోను. పన్నెండింటికి దొరే లేచి వచ్చి స్విచ్ వేసుకుని ఉండొచ్చుగా? నిన్న నేను మూడింటికి వచ్చేసరికి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి."

"అవి హన్మాండ్లు రెండింటికి ఏసినవి. పన్నెండింటికి స్విచ్చేసినా వెలుగవు." జుమ్మా వేళ లైట్ల జెనరేటర్ బందు ఉంటుందని గౌస్ నోటే రఫీ ఎన్నోసార్లు విన్నాడు. "గౌస్‌ను పిలువున్రి. లాగ్ బుక్ తెమ్మనున్రి."

గౌస్ మొహియుద్దీన్ పుస్తకం గుండెకు ఆనించుకుని వచ్చాడు. విచ్చుకున్న పూలను చూసి గడపలోనే ఆగిపోయాడు. పగటిపూట వాటినలా చూడడం అతనికి కొత్త.

"గౌస్ మియా, లైట్ల జెనరేటర్ నిన్న ఎప్పుడు బంద్ చేసినవ్?"

"పెద్దదా? పదకొండూ అయిదుకు, నమాజుకు పోయేముందు. చూసేటోడు లేకుంట దాన్ని ఇడిసిపెట్టద్దు గదా రఫీ భాయ్. ప్రతి జుమ్మాకు బందే. చల్లమిషన్లకు చిన్నది ఒక్కటే నడుస్తది." గౌస్ పుస్తకం తెరిచి పేజీ తిప్పి చూపించాడు. తన పనిలో ఎవరూ వేలెత్తి చూపలేరన్న గర్వం ఆ గొంతులో ఉంది. "ఇగో, పదకొండూ అయిదు బంద్. ఒంటిగంటా యాభైకి చాలూ. మధ్యల మాఫీ లైట్, అసలే లేదు. మా అర్బాబ్ కొడుకు వచ్చి స్విచ్ కొట్టినా ఎలుగదు."

సుధాకరరావు పేజీని రెండుసార్లు చదివాడు. తర్వాత గోడనున్న టైమరును చూశాడు. నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు, "అయితే పన్నెండూ ముప్పై అయిదుకి ఇక్కడ కటిక చీకటి."

"పగటి పన్నెండూ ముప్పై అయిదుకు చీకటే. కని గడియారంల ముల్లు అక్కడికి దినానికి రెండుసార్లు వస్తది రావు గారూ."

సుధాకరరావు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "గురువారం రాత్రి. అతిథులు వెళ్ళిన గంటకి." అతను హన్మాండ్లు వైపు తిరిగాడు. క్షమించమనే అలవాటు ఆ మనిషికి లేదు. ఉన్నంతలో చేయగలిగింది చేశాడు. "ఆ రాత్రి నువ్వు క్యాంపులో ఉన్నావు కదూ?"

"గురువారం ఏడింటికే కంపెనీ బస్సెక్కిన సార్. ఇండస్ట్రియల్ ఏరియాల క్యాంపుల పండుకున్న. నా రూముల ఎనిమిదిమంది ఉన్నరు. పొద్దుగాల బస్సులనే వచ్చిన."

"సరే. జీపు వచ్చాక నేనే చెబుతాను. నువ్వు వెళ్ళి ఏదైనా తిను."

హన్మాండ్లు కదల్లేదు. తనకు దక్కిందేమిటో వాడికింకా అర్థమైనట్టు లేదు. రఫీ వాడి భుజం తట్టాడు. అప్పుడు వాడు గోడకానుకుని కింద కూర్చుండిపోయి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

టైము పదకొండూ ఇరవై ఎనిమిది. రఫీ ఇక్కడితో ఆగితే పని అయిపోయినట్టే. కూలివాడు బయటపడ్డాడు. ఎవరో రాత్రి గోడ దూకి వచ్చారని సుధాకరరావు ఫైల్లో రాసుకుంటాడు. పోలీసులు నెల రోజులు వెతికి మానేస్తారు. తను నోరు మూసుకుంటే చాలు, చెల్లెలి కాపురం నిలబడుతుంది. ఆ పూలు చూస్తున్నాయా అన్నట్టు మొహాలన్నీ ఎత్తి నిలబడి ఉన్నాయి. వాటి ముందు నోరు మూసుకోవడం అతనివల్ల కాలేదు.

"గౌస్ మియా," అన్నాడు. "శుక్రవారం తొమ్మిదింటికి ఎవరికిచ్చినవ్ చాయ?"

సుధాకరరావు గిర్రున గౌస్ వైపు తిరిగాడు.

గౌస్ పుస్తకం మూశాడు. మూసి, మళ్ళీ తెరిచాడు. "దొరకు..."

"దొర అప్పటికి ఎనిమిదిన్నర గంటల కింద సచ్చిపోయిండు. ఆ గుడ్డలిప్పు."

"సైలెన్సర్ కాలింది అన్న గదా భాయ్."

"ఇప్పు."

గౌస్ తను విప్పలేదు. రఫీయే పట్టుకుని విప్పాడు. వేళ్ళ కొసల నుంచి గోళ్ళ కింది దాకా నీటిబొబ్బలు, హన్మాండ్లు చేతుల మీద ఉన్నలాంటివే. కాలిన గాయం అలా ఉండదు. మట్టిలో వేళ్ళు దూర్చి వేరు పెకలించిన చేతులకే అలా ఉంటుంది.

గౌస్ మొహియుద్దీన్ అబద్ధం ఆడే ప్రయత్నం అక్కడితో మానుకున్నాడు. మడి అంచున చతికిలబడి, పూల వైపు చూస్తూ, ఎప్పటినుంచో ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నవాడిలా చెప్పాడు.

"దొర అన్నానికి పోయిండనుకున్న. ఒక్క దుబ్బే భాయ్. మట్టితోని సహా తీసి డబ్బల పెట్టిన, బయట సిమెంటు జాలి గోడ ఎనక దాసిన. మూల సదును చేస్తుంటె దొర వచ్చిండు. మొత్తుకున్నడు. చెయ్యి పట్టిండు. నేను ఇడిపించుకున్న, అంతే. కొట్టలే, కసం తింటున్న. జారి పడ్డడు. ఇటుకకు తల తగిలింది. పిలిచిన, నీళ్ళు జల్లిన. లేవలే."

"తెల్లారి హన్మాండ్లు పేరు ఎట్ల చెప్పబుద్దయింది నీకు?"

"పేరు చెప్పలే. చాయ అన్న, అంతే. మిగిలింది సార్ ఆయనంతట ఆయనే అల్లుకున్నడు. నేను ఆపలే." గౌస్ హన్మాండ్లు వైపు చూడలేకపోయాడు. "ఆపాలె. ఆపలే."

సుధాకరరావు జేబులోంచి చేతిసంకెళ్ళు తీశాడు గానీ వేయలేదు. రఫీ మొహం చూసి ఆగాడు.

"ఎందుకోసం గౌస్?" అన్నాడు రఫీ. జవాబు తెలిసే అడిగాడు. అది కాకూడదని అడిగాడు.

"జహనారా కోసం గాక ఇంకెవరి కోసం? నువ్వే చూడు భాయ్, ఈ పువ్వును. ఈ దేశంల, ఈ ఎండల, అల్లా దీన్ని బతికించిండు. కలోంజీకి అక్క ఇది, దొరనే చెప్పిండు. కలోంజీ గింజకే అంత గుణముంటె దీని ఏరుకు ఎంతుండాలె? ఆమెకు దమ్ము తిరగాలె, ఒక్క రాత్రన్న పండుకోవాలె. గంతే నేననుకున్నది."

"ఆ డబ్బ ఏది?"

"పోయింది. మనూరి రహమతుల్లా నిన్న సాయంత్రం హవాయి జహాజ్‌ల బొంబాయి పోయిండు. ఆయన చేతికిచ్చిన. రేపు పొద్దుమీకి కరీంనగర్ల ఉంటడు. ఏరు ఎండకుంట తడిమట్టిల పెట్టి, తడిగుడ్డ చుట్టిన. పచ్చగనే చేరుతది."

గోడ దగ్గర కూర్చున్న హన్మాండ్లు తల ఎత్తాడు. వాడి నోరు తెరుచుకుంది. రఫీ చేయెత్తి వాణ్ణి ఆపాడు. తనే గౌస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బొబ్బల చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు. టెలిగ్రాములిచ్చే తార్‌ఆఫీసు పన్నెండున్నరకి మూస్తారు. పికప్‌లో నలభై నిమిషాల దారి. ఇప్పుడు పదకొండూ ముప్పై తొమ్మిది.

"గౌస్, సక్కగ యాది చేసుకొని చెప్పు. ఉత్తరంల ఏమని రాసినవ్? ఉడకబెట్టి కషాయం తాగమని రాసినవా? ఎండబెట్టి పొడి చేసుకొమ్మని రాసినవా?"

"అట్లెందుకు రాస్త?" గౌస్ అతన్ని వింతగా చూశాడు. భార్యను బతికించుకునే ఉపాయం తనకొక్కడికే తెలిసిన మనిషి మొహంలా వెలిగింది ఆ మొహం. "ఉడకబెడితె గుణమంత పోతది గదా రఫీ భాయ్. రాగానే పచ్చిదే నూరి, తేనెల కలిపి, పరిగడుపున మింగుమని రాసిన."